గుంత పడకముందు పెట్టాల్సిన ఖర్చు

మా ఆఫీసులో కర్నూలు నుంచి వచ్చిన ఒక కుర్రాడున్నాడు. బెంగళూరుకు వచ్చి రెండేళ్లయింది. వేరే రాష్ట్రం నంబరు కారును ఏడాదికి మించి ఇక్కడ ఉంచుకుంటే రిజిస్ట్రేషన్ మార్చుకోవాలి కాబట్టి, చెకింగ్‌లో పట్టుకుంటారేమోనని కొన్నాళ్లు టెన్షన్ పడి, చివరికి ఎన్‌ఓసీ తెప్పించుకుని కేఏ నంబరు వేయించుకున్నాడు. లైఫ్ టాక్స్ లక్ష దాటింది. సరిగ్గా ఆ తర్వాతి వారమే, రాత్రి వానలో నీళ్లు నిండిన గుంత కనబడక ముందు టైరు చీలిపోయింది, రిమ్ము వంగింది. మర్నాడు టీ దగ్గర అడిగాడు: “అన్నా, రోడ్డు మీద తిరగడానికే కదా అంత టాక్స్ కట్టాను. ఆ డబ్బు ఎక్కడికి పోయినట్టు?”

“తినేశారు” అని ఒక్క మాటతో తేల్చేయడం మనందరికీ అలవాటు. అవినీతి లేదని నేననను. కానీ ఎవరూ ఒక్క రూపాయి తినకపోయినా, ఇప్పుడు డబ్బు వస్తున్న పద్ధతిలో వస్తే ఈ ఊరి రోడ్లు నిలవవు. ఏళ్ల తరబడి బడ్జెట్ పుస్తకాలు తిరగేశాక నాకు కుదిరిన నమ్మకం ఇది. ఆ కుర్రాడికి టీ తాగే పది నిమిషాల్లో చెప్పలేకపోయాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు అతని లక్ష సంగతి. కర్ణాటకలో కార్లకు ధరనుబట్టి 13 నుంచి 18 శాతం దాకా జీవితకాల పన్ను ఉంటుంది, దాని మీద సెస్సు వేరే. వేరే రాష్ట్రం నుంచి తెచ్చిన పాత బండికి వయసునుబట్టి తగ్గుతుంది. 1957 నాటి మోటారు వాహనాల పన్ను చట్టం కింద ఇది రాష్ట్ర ప్రభుత్వం వసూలు చేసే పన్ను. నేరుగా రాష్ట్ర ఖజానాలో పడుతుంది. అక్కడ జీతాలు, పింఛన్లు, గ్యారంటీ పథకాలు, సాగునీరు, అన్నిటితో కలిసిపోతుంది. పెట్రోలు కొట్టించుకున్నప్పుడు రాష్ట్రం వేసే అమ్మకపు పన్నుదీ అదే దారి. కేంద్రం లీటరు మీద వేసే రోడ్డు, మౌలిక సదుపాయాల సెస్సు మాత్రం 2000 నాటి చట్టం కింద ఒక ప్రత్యేక నిధికి వెళుతుంది. ఆ నిధి జాతీయ రహదారులకు, రాష్ట్ర రహదారులకు, పల్లె రోడ్లకు, రైల్వే పనులకు పోతుంది. మన ఇంటి ముందు రోడ్డు ఈ వరసలో ఎక్కడా లేదు. అది కార్పొరేషన్‌ది.

కార్పొరేషన్‌కి ఆ బాధ్యత ఎలా వచ్చిందో కూడా చూడాలి. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ పన్నెండో షెడ్యూల్ అని ఒకటి చేర్చింది. పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగ్గ 18 పనులు అందులో ఉన్నాయి. నాలుగోది రోడ్లు, వంతెనలు. పని రాసిచ్చారు గానీ, ఆ పనికి సరిపడా పన్ను ఫలానాది అని రాసివ్వలేదు. అది రాష్ట్రం ఇష్టానికి, రాష్ట్ర ఆర్థిక సంఘం సిఫారసులకు వదిలేశారు. అంతకుముందే, 1979లో, కర్ణాటక ఆక్ట్రాయి ఎత్తేసింది. సరుకు ఊళ్లోకి వచ్చేటప్పుడు నాకాలో కట్టించుకునే ఆ పన్నుతో ఎన్ని తలనొప్పులున్నా, ఊళ్లో వ్యాపారం పెరిగేకొద్దీ ఊరి ఆదాయం పెరిగేది. అది పోయాక స్థానిక సంస్థకు గట్టిగా మిగిలింది ఆస్తి పన్ను ఒక్కటే.

అంటే రోడ్డును అరగదీసే బండ్ల మీది పన్ను విధానసౌధకు, ఢిల్లీకి వెళుతుంది. అరిగిన రోడ్డును బాగుచేసే ఖర్చు ఇంటి పన్ను మీద పడుతుంది. బెంగళూరు ఆస్తి పన్ను వసూలు 2024-25లో దాదాపు 4,900 కోట్లు. చిన్న మొత్తమేమీ కాదు. కానీ చెత్త, వీధి దీపాలు, పార్కులు, వాన కాలువలు, ఉద్యోగుల జీతాలు అన్నీ దాని మీదే ఆధారపడ్డాయి. మిగతాది రాష్ట్రం ఇచ్చే గ్రాంటు. 2025-26 రాష్ట్ర బడ్జెట్‌లో బెంగళూరుకు ఏటా ఇచ్చే 3,000 కోట్లను 7,000 కోట్లు చేశారు. సంతోషమే. అయితే ఒక ఏడాది మూడు, మరుసటి ఏడాది ఏడు అయితే, ఆ పై ఏడాది ఎంత అన్నది కార్పొరేషన్‌లో ఏ ఇంజినీరూ ముందుగా చెప్పలేడు. చెప్పలేనివాడు ఐదేళ్ల పని ప్లాన్ వేయలేడు. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నదంతా ఈ ఒక్క చిక్కు గురించే.

ఇక రోడ్డు ఎందుకు పాడవుతుందో చూద్దాం. ఇది తెలియకపోతే డబ్బు సంగతి అర్థం కాదు.

మాది రాయలసీమ. మా తాతగారిది మట్టిమిద్దె. ఏటా ఎండాకాలం చివర్లో, తొలకరికి ముందు, బండెడు చౌడు మట్టి తోలించి మిద్దె మీద పరిచేవాళ్లు. చౌడు నీళ్లను కిందికి దిగనివ్వదు. ఆ మట్టికీ, ఎత్తిపోసిన ఇద్దరు కూలీలకూ పెద్ద ఖర్చేమీ కాదు. మిద్దె చూడటానికి ఎప్పటిలాగే ఉండేది, బాగుచేశారని ఎవరికీ తెలిసేది కాదు. ఒక ఏడాది డబ్బు చాలక ఆ పని ఆపేశారు. ఆ వానాకాలం ఒక మూల కురిసింది. “వచ్చే ఏడు చూద్దాంలే” అన్నారు. మరుసటి ఏడాది దూలం మెత్తబడింది. మూడో ఏడాది ఆ గది పైకప్పు మొత్తం దించి కొత్త దూలాలు ఎక్కించాల్సి వచ్చింది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడం అంటే ఏమిటో మా ఇంట్లో అందరికీ ఆ మిద్దె నేర్పింది.

తారు రోడ్డు కూడా అచ్చం అలాంటిదే. పైన కనిపించే నల్లటి పొర నీళ్లు ఆపే కప్పు. బరువు మోసేది దాని కింద కొట్టి బిగించిన కంకర, ఆ కింద నేల. ఎండకు, గాలికి తారు గట్టిపడి సన్నటి పగుళ్లు వేస్తుంది. ఆ దశలో పగుళ్లలో తారు నింపినా, పలచటి సీల్ కోటు వేసినా సరిపోతుంది. ఆ పని చేయకపోతే వాన నీరు పగుళ్లలోంచి దిగి కంకరను తడిపి వదులు చేస్తుంది. నీళ్ల లారీ దాని మీద వెళ్లిన ప్రతిసారీ లోపలి నీళ్లు పిచికారీలా పైకి చిమ్ముతూ కంకరను లేపేస్తాయి. గుంత కంటికి కనబడే రోజుకు కింద దూలం మెత్తబడే ఉంటుంది. పైన ప్యాచ్‌వర్క్ చేస్తే రెండు వానలకు మళ్లీ లేచిపోవడానికి కారణం ఇదే. దక్షిణాఫ్రికా జాతీయ రహదారుల సంస్థ వేసిన ఒక లెక్కను ప్రపంచ బ్యాంకు తరచూ ఉటంకిస్తుంది: వేళకు చేయాల్సిన పని మూడేళ్లు వాయిదా వేస్తే ఖర్చు ఆరు రెట్లవుతుంది, ఐదేళ్లు వాయిదా వేస్తే పద్దెనిమిది రెట్లు.

ఇప్పుడు ఈ ఊరి కొలతలు. బెంగళూరు నగర పరిధిలో దాదాపు 13,000 కి.మీ. రోడ్లున్నాయి. అందులో ప్రధాన, ఉప ప్రధాన రోడ్లు 1,300 కి.మీ. పైచిలుకు. మిగతా పదకొండున్నర వేల కిలోమీటర్లు వార్డు రోడ్లు, అంటే మనం ఉండే వీధులు. ఒక తారు పొర సగటున ఏడేళ్లు నిలుస్తుందనుకుందాం. అలా అయితే ఉన్న రోడ్లను ఉన్నట్టు నిలుపుకోవడానికే ఏటా 1,850 కి.మీ. పైన కొత్త పొర వేయాలి. కొత్త ఫ్లైఓవర్లు, కొత్త లేఅవుట్లు ఇందులో లేవు. ఒక ఏడాది 500 కి.మీ. వేసి ఆపితే, మిగిలిన 1,350 పోయిన ఏడాది బకాయితో కలిసి వచ్చే ఏడాది నెత్తిన కూర్చుంటుంది, అదీ ఎక్కువ ధరకు. ఎన్నికల ముందు ఒక్కసారిగా పెద్ద ప్యాకేజీ ప్రకటించి చాలా రోడ్లు ఒకేసారి వేస్తే మరో ఇబ్బంది: అవన్నీ ఏడేళ్ల తర్వాత ఒకేసారి ముసలివవుతాయి. అందుకే రోడ్లకు కావాల్సింది పెద్ద మొత్తం కన్నా ముందు, ఏటా తప్పకుండా వచ్చే మొత్తం.

తప్పకుండా రావడంతో పాటు వేళకు రావడం కూడా ముఖ్యం. బెంగళూరులో ఏప్రిల్, మే నుంచే జల్లులు మొదలవుతాయి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా గట్టి వానలు. తారు పనికి పనికొచ్చే కాలం డిసెంబరు నుంచి మార్చి దాకా. మన ఆర్థిక సంవత్సరమేమో ఏప్రిల్ 1న మొదలవుతుంది. బడ్జెట్ ఆమోదం, పనుల జాబితా, ఎస్టిమేటు, టెండరు, దాని మీద అభ్యంతరాలు, వర్క్ ఆర్డరు, ఇవన్నీ సవ్యంగా నడిచినా ఐదారు నెలలు. అప్పటికి వానలు ముంచెత్తుతుంటాయి. పని మొదలయ్యేసరికి జనవరి. మార్చి 31 లోపల ఖర్చు చూపించకపోతే కేటాయింపు మురిగిపోతుంది. ఏడాదంతా ఆరామ్‌గా ఉన్న వీధుల్లో ఫిబ్రవరి, మార్చిల్లో రాత్రుళ్లు రోలర్లు తిరగడం మీరూ చూసే ఉంటారు.

అలాంటి ఒక మార్చి రాత్రి మా వీధిలో తారు వేస్తుంటే నిద్ర పట్టక కిందికి దిగాను. ముఠా మొత్తం మన తెలుగువాళ్లే. మేస్త్రీది కదిరి దగ్గర పల్లె. రాళ్ల పొడి ఊడ్వకుండానే తారు చల్లుతున్నారు. “అన్నా, కాస్త శుభ్రం చేసి వేస్తే నిలుస్తుంది కదా” అన్నాను. ఆయనేమీ కోప్పడలేదు. “నిలుస్తాది సార్, నాకు తెలీదా? ముప్పై ఏండ్లుగా ఇదే పని. ఈ వారంలో ఇట్లాంటివి పదకొండు వీధులు అయిపోవాల. ముప్పై ఒకటో తేదీ లోపల ఎంబీలో ఎక్కితేనే బిల్లు. ఎక్కకపోతే మళ్లీ ఎప్పుడో” అన్నాడు. ఎంబీ అంటే మెజర్‌మెంట్ బుక్కు. చేసిన పనిని ఇంజినీరు కొలిచి రాసే పుస్తకం. కొలిచేది పొడవు, వెడల్పు, మందం. మూడో వానాకాలం తర్వాత ఆ రోడ్డు ఎలా ఉందో రాసుకునే గడి అందులో లేదు.

పని బాగోలేకపోతే ఏమవుతుంది? కాంట్రాక్టులో డీఎల్‌పీ ఉంటుంది. అంటే ఆ గడువులో వచ్చే లోపాలను కాంట్రాక్టరే సొంత ఖర్చుతో సరిచేయాలి. వార్డు రోడ్లకు సాధారణంగా ఇది రెండు మూడేళ్లు. కాగితం మీద మంచి నిబంధన. కానీ బిల్లులే రెండేళ్లు ఆలస్యంగా వచ్చే చోట, డబ్బు ఇవ్వాల్సినవాడు పని చేసినవాడిని గట్టిగా నిలదీయలేడు. కాంట్రాక్టరు కూడా ఆలస్యం ఎలాగూ ఉంటుందని, దానికయ్యే వడ్డీ కలిపే టెండరు వేస్తాడు. మనకు రోడ్డు ఖరీదుగా వస్తుంది, పలచగా వస్తుంది. నిలకడలేని నిధుల ఖర్చు ఇలా పద్దులో ఎక్కడా కనబడకుండా మన మీద పడుతోంది.

మా వీధి కథ అక్కడితో ముగియలేదు. మార్చిలో వేసిన ఆ రోడ్డును జులైలో ఒక కేబుల్ సంస్థవాళ్లు అడ్డంగా కోశారు. మట్టి వేసి పూడ్చి వెళ్లారు. మా ఎదురింటి మదనపల్లె పెద్దమ్మ గుడికి వెళ్తూ అక్కడే కాలు మడతపడి పడింది. చేతికి కట్టు వేయించుకుని నలభై రోజులు కూర్చుంది. ఎవరిని అడగాలో ఇప్పటికీ ఆమె పిల్లలకు తెలియదు. ఇలాంటివాటి లెక్క చిన్నదేమీ కాదు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో గుంతల వల్ల జరిగిన ప్రమాదాల్లో 1,856 మంది చనిపోయారు. చేయి విరిగి ఇంట్లో కూర్చున్న పెద్దమ్మలు ఆ లెక్కలో ఉండరు.

రోడ్డు తవ్వకం కూడా నిధుల సమస్యకు ఇంకో ముఖమే. నీళ్లు, భూగర్భ డ్రైనేజీ, కరెంటు, గ్యాస్, ఇంటర్నెట్ కేబుళ్లు, ఒక్కొక్కటి ఒక్కో సంస్థది. ఒక్కో సంస్థకు ఒక్కో బడ్జెట్, ఒక్కో గడువు. తవ్వకాలకు అనుమతులన్నీ ఒకచోట ఇవ్వాలని మార్క్స్ అనే ఆన్‌లైన్ వ్యవస్థ పెట్టారు. మంచిదే. అయితే వచ్చే మూడేళ్లలో ఏ వీధిలో ఎవరు ఏ పని చేస్తారో ఎవరికీ ఖాయంగా తెలియకపోతే అనుమతుల వ్యవస్థ మాత్రం ఏం చేయగలదు? 2007లో పాత బెంగళూరు మహానగర పాలికెలో చుట్టుపక్కల ఏడు నగరసభలు, ఒక పట్టణ పురసభ, 110 పల్లెలు కలిపారు. ఆ 110 పల్లెలకు కావేరి ఐదో దశ నీళ్లు 2024 అక్టోబరులో ప్రారంభమయ్యాయి. రోజుకు 77 కోట్ల 50 లక్షల లీటర్ల పథకం అది. ఇన్నేళ్ల తర్వాత వచ్చిన నీళ్లు ఎంత అవసరమో అక్కడ ట్యాంకర్లకు డబ్బు పోసినవాళ్లకు తెలుసు. కానీ పైపులకు ముందే తారు వేసిన ప్రతి వీధిలో ఆ తారు ఖర్చు మట్టిపాలే. క్రమం తెలిస్తే తప్ప ఆ నష్టం ఆగదు. మూడు నాలుగేళ్ల డబ్బు ముందే కళ్ల ముందు ఉంటేనే క్రమం పెట్టగలరు.

ఈ విషయంలో బెంగళూరు ఒక మంచి పని చేసి చూపించింది. టెండర్‌ష్యూర్ పేరుతో 2014-15 ప్రాంతంలో రెసిడెన్సీ రోడ్డు, రిచ్‌మండ్ రోడ్డు, కన్నింగ్‌హామ్ రోడ్డు లాంటివాటిని అడుగు నుంచి తిరిగి కట్టారు. కేబుళ్లకు, పైపులకు ఫుట్‌పాత్ కింద డక్టులు, తవ్వకుండా దిగి చూసుకునే ఛాంబర్లు, నీళ్లు పోయే దారి. ఖరీదు ఎక్కువని అప్పట్లో చాలా విమర్శలొచ్చాయి. ఇన్ని వానలు దాటాక ఆ రోడ్ల మీద నడిచి చూడండి, అదే కాలంలో చవగ్గా వేసిన రోడ్లతో పోల్చండి. నా ఓటు టెండర్‌ష్యూర్‌కే.

చవక రోడ్డుకు ఇంకో చిక్కుంది. పాత పొర గీకకుండా దాని మీదే కొత్త పొర, దాని మీద ఇంకో పొర. పాత పేటల్లో రోడ్డు గడపకన్నా ఎత్తైపోయి, వాన పడితే నీళ్లు ఇళ్లలోకి దిగుతాయి. అదనంగా పెట్టిన ఖర్చే ఇంటికి చేటు చేసిందన్నమాట.

ఇక్కడ ఎవరికైనా ఒక అనుమానం వస్తుంది. డబ్బు లేదంటున్నారు, మరి వేల కోట్ల ప్రాజెక్టులు ఎక్కడి నుంచి వస్తున్నాయి? హెబ్బాళ నుంచి సిల్క్ బోర్డు దాకా దాదాపు 17 కి.మీ. సొరంగ మార్గానికి సుమారు 17,000 కోట్లు ఎలా అనుకోగలిగారు? ప్రభుత్వ పద్దుల్లో డబ్బు రెండు రకాలు. కొత్తగా ఒక ఆస్తిని కట్టేది మూలధన వ్యయం. ఉన్నదాన్ని నిలుపుకునేది రెవెన్యూ వ్యయం. మొదటిదానికి అప్పు పుడుతుంది, విదేశీ బ్యాంకులు ముందుకొస్తాయి, ఢిల్లీ సాయం చేస్తుంది. 2020-21 నుంచి కేంద్రం రాష్ట్రాలకు యాభై ఏళ్ల వడ్డీ లేని అప్పులు ఇస్తోంది. అది మూలధన పనులకే. మరమ్మతు, నిర్వహణ పనులు ఎంత పెద్దవైనా పనికిరావని నిబంధనల్లోనే ఉంది. అప్పు చేసి జీతాలు, రిపేర్లు కట్టకూడదన్న పాత క్రమశిక్షణ దీని వెనక ఉంది, అందులో న్యాయమూ ఉంది. కానీ ఫలితం ఏమిటంటే, రోడ్డును కాపాడుకోవడానికి పది రూపాయలు దొరకవు, అది పూర్తిగా పాడయ్యాక ‘పునర్నిర్మాణం’ అని పేరు మారిస్తే వంద దొరుకుతాయి. రోడ్డును చావనివ్వడమే పద్దుల ప్రకారం తేలికైన దారి అయిపోయింది. దీన్ని మార్చకుండా ఎంతమంది ఇంజినీర్లను సస్పెండ్ చేసినా లాభం లేదు.

కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంట్లదీ ఇలాంటి కథే. 2021-26 కాలానికి పదిహేనో ఆర్థిక సంఘం పట్టణ స్థానిక సంస్థలకు 1,21,055 కోట్లు సిఫారసు చేసింది. ఐదేళ్ల మొత్తం ముందే తెలిసిన డబ్బు ఇది, నిజంగా విలువైన సంగతి. కానీ పది లక్షల జనాభా దాటిన నగరాలకు కేటాయించిన 38,196 కోట్లను గాలి నాణ్యతకు, తాగునీరు, పారిశుద్ధ్యం, చెత్త నిర్వహణకు ముడిపెట్టారు. గాలి పేరు మీద రోడ్డు పక్క దుమ్ము తగ్గించే పనులకు కొంత వెళ్లిందేమో గానీ, రోడ్డు నిర్వహణకని దారి లేదు.

బీ ఖాతా సంగతి కూడా చెప్పకుండా ఉండలేను. అనుమతులు సరిగా లేని ఆస్తుల దగ్గర పన్ను కట్టించుకోవడానికి కార్పొరేషన్ పెట్టిన విడి రికార్డు అది. ఇక్కడ స్థిరపడిన మనవాళ్లలో చాలామంది కొన్నది రెవెన్యూ లేఅవుట్లలో సైట్లే. వ్యవసాయ భూమిని పద్ధతి ప్రకారం మార్చకుండా, లేఅవుట్ అనుమతి లేకుండా ముక్కలు చేసి అమ్మినవి. అక్కడి వీధులు చాలాచోట్ల ఇరవై అడుగులు కూడా ఉండవు, డ్రైన్‌కు చోటు వదలరు. నీళ్లు పోయే దారిలేని వీధిలో ఎంత మంచి తారు వేసినా అది నీటి కుంటలో పరిచిన చాపే. ఏళ్ల తరబడి పన్ను మాత్రం కడుతూనే ఉన్నాం. “మాదీ పన్నే కదా” అన్న ఆవేదన సరైనదే. ఆ వీధులకు తారుకన్నా ముందు కాలువకు డబ్బు కావాలన్నదీ అంతే నిజం. మా కాలనీలో ఈ మాట అంటే ఇప్పటికీ గొడవ అవుతుంది.

మరి దారి ఏమిటి? ఎక్కడో వెతకక్కర్లేదు. మన పల్లెల్లోనే ఒకటుంది. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో రోడ్డు వేసిన కాంట్రాక్టరే ఐదేళ్లు దాన్ని చూసుకోవాలి. ఆ నిర్వహణకు అయ్యే మొత్తం టెండరులోనే విడిగా రాస్తారు, రాష్ట్రం భరిస్తుంది. ఈ-మార్గ్ అనే వ్యవస్థ వచ్చాక, రోడ్డును ఫొటోలతో సహా తనిఖీ చేసి, కనీస స్థాయిలో ఉంటేనే బిల్లు చెల్లిస్తున్నారు. ఎన్ని బస్తాల కంకర వాడావన్నది కాదు, రోడ్డు ఎలా ఉందన్నది లెక్క. అన్ని పల్లె రోడ్లూ బాగున్నాయని కాదు, ఐదేళ్ల తర్వాత మళ్లీ అనాథలైన రోడ్లు మా జిల్లాలోనే బోలెడు. అయినా పద్ధతి సరైనది.

హోసూరు దాటి వెళితే కృష్ణగిరి. తమిళనాడు రహదారుల శాఖ పొల్లాచ్చిలో మొదలుపెట్టి కృష్ణగిరి లాంటి డివిజన్లలో రాష్ట్ర రోడ్ల నిర్వహణను మొత్తంగా ఐదేళ్లకు ఒకే కాంట్రాక్టుకు ఇచ్చింది. గుంత పూడ్చినందుకు విడిగా డబ్బులుండవు. గుంత లేకుండా ఉంచినందుకు నెలవారీ చెల్లింపు. గుంత పడి గడువులోగా పూడ్చకపోతే కోత. అలా అయితే పగులు దశలోనే తారు నింపడం కాంట్రాక్టరుకే లాభం. మా తాత చౌడు మట్టి తోలించినట్టు తనే ముందుగా తోలిస్తాడు.

హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. జీహెచ్‌ఎంసీ 2019-20లో 709 కి.మీ. ప్రధాన రోడ్లను ప్యాకేజీలుగా విడదీసి, సుమారు 1,839 కోట్లకు, ఐదేళ్ల పాటు ఏజెన్సీలకు అప్పగించింది. సమగ్ర రోడ్డు నిర్వహణ కార్యక్రమం, పొట్టిగా సీఆర్‌ఎంపీ అంటారు. బంజారాహిల్స్, గచ్చిబౌలి వైపు పెద్ద రోడ్లు బెంగళూరు రోడ్లకన్నా బాగుంటాయని అక్కడి నుంచి వచ్చిన చుట్టాలు మనల్ని ఎగతాళి చేస్తుంటారు కదా, అందులో దీని పాత్ర కొంత ఉంది. దాని లోటు కూడా చూడాలి. పెద్ద రోడ్లు బాగయ్యాయి, లోపలి కాలనీ రోడ్లు ఆ ఒప్పందంలో లేవు. బెంగళూరు ఇదే నమూనా తెచ్చుకుంటే 1,300 కి.మీ. మెరుస్తాయి, పదకొండున్నర వేల కి.మీ. అలాగే ఉంటాయి. వార్డు రోడ్లను కూడా చిన్న చిన్న ప్యాకేజీలుగా కలపకపోతే ఇది ఐటీ బస్సుల రోడ్లకు మాత్రమే మేలు చేసే పథకం అవుతుంది.

దూరదేశం నుంచి ఒక్కటి చెబుతాను. ఇంగ్లండ్‌లో కూడా స్థానిక రోడ్లు కౌన్సిళ్లవే, అక్కడా గుంతల గోల పెద్దదే, అక్కడా ఏడాదికోసారి విదిలించే డబ్బుతో ప్లాన్ వేయలేకపోతున్నామని కౌన్సిళ్లు మొత్తుకున్నాయి. 2025 నవంబరు బడ్జెట్‌లో ప్రభుత్వం 2026-27 నుంచి నాలుగేళ్లకు కలిపి 730 కోట్ల పౌండ్లు ఖాయం చేసింది. అంతకుముందు, 2025-26లో అదనంగా ఇచ్చిన 50 కోట్ల పౌండ్లలో నాలుగో వంతును, ప్రతి కౌన్సిల్ తన రోడ్ల స్థితి, ఖర్చు వివరాలు జనం ముందు పెట్టేదాకా ఆపింది. డబ్బు ఖాయం, కానీ లెక్క చూపిస్తేనే. నాకు ఆ రెండో భాగమే ఎక్కువ నచ్చింది.

ఎందుకంటే నిధి పెట్టినంత మాత్రాన రోడ్డుకు చేరుతుందన్న హామీ లేదు. మన దేశంలో తొలి రోడ్డు నిధి 1929లోనే పుట్టింది. జయకర్ కమిటీ సిఫారసుతో పెట్రోలు మీద గ్యాలనుకు రెండు అణాలు అదనంగా వేసి, అది రోడ్లకే అన్నారు. దాదాపు వందేళ్ల తర్వాత అదే పెట్రోలు సెస్సు నిధి ‘రోడ్డు, మౌలిక సదుపాయాల నిధి’గా పేరు మార్చుకుని రోడ్లు కాని చాలా పనులకు పోతోంది. పేరులో రోడ్డు ఉంది కాబట్టి రోడ్డుకే వెళుతుందని నమ్మకూడదు. ఏ రోడ్డుకు, ఏ ఏడాది, ఎంత అని ముందే రాసి పెట్టిన జాబితా లేకపోతే బెంగళూరుకు ఒక నిర్వహణ నిధి వచ్చినా దాని గతీ అంతే.

కాబట్టి నేను కోరేది ఇది. వాహన పన్నులో ఒక నిర్ణీత వాటాను చట్టం ద్వారా నగరాలకు ఇవ్వాలి, మంత్రి దయమీద కాకుండా. ఆ మొత్తం ఎంతో కనీసం ఐదేళ్లకు ముందే చెప్పాలి. మార్చి 31తో మురిగిపోకుండా మిగులు తర్వాతి ఏడాదికి వెళ్లాలి. రెండేళ్లకోసారి ప్రతి రోడ్డు స్థితిని కొలిచి, గుంతలు పడ్డ రోడ్డుకన్నా ముందు పగుళ్లు మొదలైన రోడ్డుకు డబ్బు పెట్టాలి. ఈ చివరిది రాజకీయంగా చాలా కష్టం. “మా వీధి గుంతలమయం, పక్క వీధి బాగానే ఉంది కదా, దానికెందుకు ఖర్చు?” అని మనమే అడుగుతాం. పక్క వీధి ఇంకా కాపాడదగ్గ స్థితిలో ఉంది కాబట్టి, దానికి ఇప్పుడు పదో వంతు ఖర్చు చాలు కాబట్టి అని చెప్పగల కార్పొరేటర్ కావాలి. ఆ మాట చెప్పాలంటే అతని వీధికి ఏ ఏడాది డబ్బు వస్తుందో ఖాయంగా చూపించగలగాలి. మళ్లీ అదే, ముందే తెలిసిన డబ్బు.

కార్పొరేటర్ మాట ఎత్తాను గానీ, 2020 సెప్టెంబరులో బీబీఎంపీ, అంటే బెంగళూరు కార్పొరేషన్, పాలకమండలి గడువు ముగిశాక ఈ ఊరు ఏళ్ల తరబడి ఎన్నికైన కౌన్సిల్ లేకుండానే నడిచింది. 2025 సెప్టెంబరు 2న బీబీఎంపీ స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ, దాని కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. ఇది మంచి అవకాశం, ప్రమాదం కూడా. మహదేవపుర, కేఆర్ పురం ఉన్న తూర్పు కార్పొరేషన్‌లో ఐటీ పార్కుల పన్ను దండిగా వస్తుంది. పాత ఇళ్లు, చిన్న కార్ఖానాలు ఎక్కువున్న వైపు అంత రాదు. ఒకే బస్సు మూడు కార్పొరేషన్ల రోడ్ల మీద వెళుతుంది. మూడింటి చేతిలో మూడు రకాల పర్సులుంటే, రాష్ట్రం ఇచ్చే గ్రాంటును దేన్నిబట్టి పంచాలి? రోడ్ల పొడవును, వాటి స్థితిని బట్టి పంచాలని నేనంటాను. జనాభానుబట్టి అనేవాళ్లకూ, పన్ను వసూలునుబట్టి అనేవాళ్లకూ వాళ్ల కారణాలున్నాయి. కొత్త వ్యవస్థ ఇంకా కుదురుకుంటున్న ఇప్పుడే ఈ సూత్రం తేలాలి. ఒకసారి అలవాటుపడ్డాక ఎవరూ తమ వాటా తగ్గించుకోరు.

మేం మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో ఒక చిన్న పని మొదలుపెట్టాం. చుట్టుపక్కల 14 వీధులకు ఒక నోట్‌బుక్కు. ఏ వీధికి చివరిసారి తారు ఎప్పుడు వేశారు, డీఎల్‌పీ ఏ తేదీ దాకా ఉంది, ఎవరు ఎప్పుడు తవ్వారు, పగుళ్లు ఎక్కడ మొదలయ్యాయి. వివరాలు కొన్ని సమాచార హక్కు దరఖాస్తుతో అడిగాం, కొన్ని మదనపల్లె పెద్దమ్మ చెప్పింది. ఎవరు ఏ రోజు తవ్వారో ఆమెకు తేదీలతో సహా గుర్తుంది. కర్నూలు కుర్రాడు ఆ నోట్‌బుక్కును ఇప్పుడు కంప్యూటర్లో ఎక్కిస్తున్నాడు. నాలుగు వీధులకు డీఎల్‌పీ వచ్చే జనవరితో ముగుస్తుంది. అందులో రెండింటిలో పగుళ్లు కనబడుతున్నాయి. వానలు తగ్గగానే ఆ రెండింటి ఫొటోలు, తేదీలు పట్టుకుని ఇంజినీరు దగ్గరికి వెళ్తాం.